దేవుడు బదులు పలకని సంభాషణను సంభాషణ అనవచ్చునా?

అడిగినవారి ప్రశ్నను క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు. "ప్రార్థన అంటే దేవునితో మాట్లాడటమే" అని చిన్నప్పుడు సండే స్కూలులో నేర్పారు. ఇప్పుడు ఉద్యోగం కోసం ఇల్లు విడిచి హైదరాబాదులో ఒంటరిగా ఉంటూ, రోజూ పడుకోబోయే ముందు ప్రార్థన చేస్తున్నారు. కానీ మాట్లాడేది తామొక్కరే, అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. సంఘంలో కొందరు "ప్రభువు నాతో మాట్లాడాడు" అని అలవోకగా సాక్ష్యం చెబుతుంటే లోపం తమలోనే ఉందేమోనన్న దిగులు కలుగుతోంది. పైగా, అన్నీ తెలిసిన దేవునికి మనం మళ్లీ చెప్పడం ఎందుకన్న సందేహం కూడా ఉంది. బైబిలు తరగతులు చెబుతూ, జబ్బుపడినవారి ఇళ్లకూ చావు జరిగిన ఇళ్లకూ ప్రార్థనకు వెళుతూ చాలా కాలం గడిపినవాడిగా నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

మీ దిగులుకు మూలం మీ భక్తిలో లేదు. ఈ సంభాషణ ఎక్కడ మొదలవుతుందన్న విషయంలో మనకు చిన్నప్పటి నుంచి స్థిరపడిపోయిన ఊహలో ఉంది. మనం కళ్లు మూసుకుని "ప్రేమగల మా పరలోకపు తండ్రీ" అన్న క్షణంలో అది మొదలవుతుందనీ, ఇక ఆయన బదులు చెప్పడమే తరువాయి అనీ అనుకుంటాము. బైబిలులో మాత్రం మొదటి మాట దాదాపు ఎప్పుడూ దేవునిదే. ఏదెను తోటలో చెట్ల చాటున దాగినవాడిని "నీవు ఎక్కడ ఉన్నావు?" అని పిలిచింది ఆయన, ఆదాము పలికింది దానికి జవాబు, అదీ భయపడి చెప్పిన జవాబు. మామ మందను మేపుకుంటున్న మోషే దేవుని వెదుక్కుంటూ హోరేబు కొండకు పోలేదు. మండుతున్న పొదలో నుంచి పేరు పెట్టి పిలుపు వచ్చిన తరువాతే అతడు నోరు విప్పాడు. విప్పి కూడా, నేనెంతటివాడనని మొదలుపెట్టి, మాట సరిగా రాదని సాకు చెప్పి, చివరికి ఇంకెవరినైనా పంపమని బతిమాలుకున్నాడు. అబ్రాహాము సంగతి ఇంకా గమనించదగినది. ఆదికాండము 12వ అధ్యాయంలో దేవుడు అతణ్ణి పిలిచాడు, వాగ్దానం చేశాడు. అతడు బయలుదేరాడు, బలిపీఠాలు కట్టాడు. కానీ అతడు దేవునితో అన్న మాటలు మనకు మొదటిసారి వినిపించేది 15వ అధ్యాయంలోనే. అప్పుడు కూడా అతడు స్తోత్రం చెప్పలేదు, మొర పెట్టుకున్నాడు: "నాకేమి యిచ్చిననేమి? నేను సంతానము లేనివాడనై పోవుచున్నానే."

ఇదే వరుసను కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక తన మొదటి వాక్యంలోనే ఎత్తిచూపుతుంది: పూర్వం ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు చివరికి కుమారుని ద్వారా మనతో మాట్లాడాడు. అంటే క్రైస్తవుడు చేసే ప్రార్థన ఒక ప్రత్యుత్తరం. ఆయన జవాబు ఇంకా రాలేదని మీరు ఎదురుచూస్తున్న ఈ రోజుల్లోనే, ఆయన ఎప్పుడో అన్న మాటకు మీ జవాబు బాకీ పడి ఉండవచ్చు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్పుగా పనిచేసి 430లో మరణించిన అగస్టీను ఒక కీర్తనను వివరిస్తూ, నీవు చదువుతున్నప్పుడు దేవుడు నీతో మాట్లాడుతున్నాడు, నీవు ప్రార్థిస్తున్నప్పుడు నీవు దేవునితో మాట్లాడుతున్నావు అన్నాడు. ఈ రెండింటినీ విడదీసినచోట సంభాషణ తెగిపోతుంది.

మన ఇళ్లలో అవి ఎలా విడిపోయాయో చూడండి. కుటుంబ ప్రార్థనలో ఒక పాట, ఒక అధ్యాయం, ఒక ప్రార్థన అన్న క్రమాన్ని పెద్దలు ఊరికే పెట్టలేదు. విన్న మాటకు బదులు చెప్పడానికే పెట్టారు. కాలక్రమంలో అవి మూడు వేర్వేరు పనులైపోయాయి. యెషయా గ్రంథంలో దేవుడు విధవరాలి పక్షంగా వాదించమని గట్టిగా చెబుతున్న అధ్యాయాన్ని ఇంట్లో ఒకరు గడగడా చదివేస్తారు, బైబిలు మూసేస్తారు, తరువాత చేసే ప్రార్థనలో ఆ అధ్యాయం ఛాయలు కూడా ఉండవు. పిల్లల పరీక్షలు, నాన్నగారి బి.పి., అమ్మాయి సంబంధం, ప్రయాణంలో కాపుదల, ఆమేన్. ఈ మనవుల్లో తప్పేమీ లేదు. కానీ ఎదుటివారు అప్పుడే ఒక మాట అని ఉండగా దాన్ని పట్టించుకోకుండా మన సంగతులు ఏకరువు పెట్టి, పైగా ఆయన మాట్లాడటం లేదని నొచ్చుకోవడం న్యాయం కాదు గదా.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో 13వ కీర్తనతో చూపిస్తాను. అది ఆరు వచనాల చిన్న కీర్తన, మీ ప్రశ్నకు చాలా దగ్గరది. దాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒక్క ఊపున చదవకండి. మొదటి వచనం దగ్గరే ఆగండి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఈ మాట పరిశుద్ధ గ్రంథంలో ఉందంటే, ఇలా అడగడానికి మీకు అనుమతి ఉందని అర్థం. ఇప్పుడు బైబిలు మీద చేయి ఉంచి, మీ సొంత మాటల్లో, గొంతు విప్పి అదే సంగతి చెప్పండి. "ప్రభువా, ఈ గదిలో కూర్చుని రోజూ నీతో మాట్లాడుతున్నాను, నీవు నన్ను మరచిపోయావేమో అనిపిస్తోంది" అనండి. రెండో వచనంలో కీర్తనకారుడు తన మనస్సులోని చింతనూ, పగలంతా తనను వదలని దుఃఖాన్నీ, తన మీద హెచ్చించుకుంటున్న శత్రువునూ ఒకే వరుసలో చెబుతాడు. మీకు శత్రువులు లేకపోవచ్చు. మీటింగులో అందరి ముందు తీసిపారేసే మేనేజరు ఉండవచ్చు, లేదా మీ లోపల నుంచే "నీవల్ల కాదు" అనే గొంతు ఉండవచ్చు. దాన్ని పేరు పెట్టి చెప్పండి. మూడో వచనంలో మీకు కావలసిన మనవే ఉంది: నా మీద దృష్టి ఉంచి "నాకు ఉత్తరమిమ్ము". అక్కడ తొందరపడకుండా కొద్దిసేపు కూర్చోండి.

అయిదో వచనం "నేనైతే" అని మొదలవుతుంది: నేనైతే నీ కృపయందు నమ్మిక ఉంచియున్నాను. నాలుగో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఏం జరిగిందో కీర్తన చెప్పదు. శత్రువు పోయాడనీ లేదు, స్వరం వినబడిందనీ లేదు. పరిస్థితి ఉన్నచోటనే ఉన్నా, దేవుడు పూర్వం చేసిన మేలును తలచుకుని అతడు ఇటు తిరిగాడు. ఆ తిరగడం మీకు ఆ రాత్రి చేతకాకపోతే నటించవద్దు. "ప్రభువా, నాలుగో వచనం దాకా రాగలిగాను, అయిదోది నాకు నిజంగా నోట రావడం లేదు" అని చెప్పి ఆపేయండి. అది కూడా ప్రార్థనే, అందులోనూ నిజాయితీ గల ప్రార్థన. 88వ కీర్తన రాసినవాడికి ఆ మలుపు అసలే దొరకలేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆ కీర్తన ముగుస్తుంది. అయినా దాన్ని కీర్తనల గ్రంథంలో నుంచి ఎవరూ తీసివేయలేదు.

ఇలా కొన్నాళ్లు చేస్తే ఏం జరుగుతుందని అడిగితే, నేను చూసినంతలో, చెవికి వినబడే స్వరం రాదు. వచ్చేది వేరే రకమైనది. చదువుతున్న మాటల్లో ఒకటి మీ మీదికి తిరుగుతుంది. మీరు అడగని ప్రశ్న మిమ్మల్ని అడుగుతుంది. 1535లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్, తనకు క్షౌరం చేసే పీటరు అనే ఆయన ప్రార్థన ఎలా చేయాలో చెప్పమంటే, ఒక చిన్న ఉత్తరంగా రాసిచ్చాడు. యేసు నేర్పిన పరలోక ప్రార్థననూ పది ఆజ్ఞలనూ ఒక్కొక్క మాటగా తీసుకుని, అది నేర్పేదేమిటి, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏది ఒప్పుకోవాలి, ఏమి అడగాలి అని ఆలోచిస్తూ ప్రార్థించమన్నాడు. అలా చేస్తుండగా మధ్యలో ఏదైనా ఒక తలంపు బలంగా వచ్చి నిలిస్తే, మిగిలిన మనవులన్నీ పక్కన పెట్టి మౌనంగా వినమన్నాడు. ఆ వేళ పరిశుద్ధాత్మ చెప్పే ఒక్క మాట మన వెయ్యి ప్రార్థనల కంటే విలువైనదని ఆయన లెక్క. మన తెలుగు సంఘాలకూ ఇది కొత్త కాదు. బైబిల్ మిషన్ వారిలో దాని స్థాపకుడు దేవదాసు అయ్యగారి కాలం నుంచి "సన్నిధి" అని, మాటలు ఆపి దేవుని ఎదుట కనిపెట్టుకుని ఉండే అలవాటు ఉంది. హబక్కూకు ప్రవక్త తన ఫిర్యాదు అంతా చెప్పుకున్న తరువాత, ఆయన ఏమి సెలవిస్తాడో చూస్తానని కావలి స్థలం మీద నిలిచినట్టు రాసి ఉంది. మనం ఫిర్యాదు వరకు హబక్కూకుకు తీసిపోము, కావలి స్థలం దగ్గరే ఓపిక చాలదు.

ఇక "ప్రభువు నాతో చెప్పాడు" అనేవారి సంగతి. దేవుడు అలా ఎవరితోనూ మాట్లాడడని నేను అనను. దీని మీద పెంతెకొస్తు సంఘాలవారికీ, లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక సంఘాలవారికీ పట్టింపులు వేర్వేరు, ఆ వాదంలోకి ఇప్పుడు పోను. కానీ బైబిలులో బాగా పరిచయమైన ఒక సందర్భాన్ని నిదానంగా చూడండి. బాలుడైన సమూయేలును దేవుడు రాత్రివేళ పేరు పెట్టి పిలిచాడు. అతడు మూడుసార్లు లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. అంటే నిజంగా దేవుని స్వరమే వినబడినా అది దేవునిదని అతనికి తెలియలేదు. తెలియజెప్పడానికి ఒక వృద్ధ యాజకుడు కావలసి వచ్చింది. ఆ వచ్చిన మాటలో సమూయేలుకు లాభం ఏమీ లేదు. అది ఏలీ ఇంటి మీద తీర్పు. తెల్లవారిన తరువాత చెప్పడానికి భయపడ్డాడు. మన సాక్ష్యాల్లో వినబడే స్వరాలు చాలావరకు చెప్పేవాడికి అనుకూలంగానే పలుకుతాయన్నది నాకు మొదటి నుంచీ అనుమానం కలిగించే సంగతి.

ఇందులో హాని కూడా ఉంది. "ఈ సంబంధం ప్రభువు బయలుపరిచాడు" అని అబ్బాయి తరఫువారు వచ్చి చెబితే, ఆ అమ్మాయి కాదనడానికి దారి ఏది? ఆమె ఇష్టం లేదంటే అది అబ్బాయిని కాదనడం అవదు, దేవుణ్ణి కాదనడం అయిపోతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవారిని "ప్రభువు చెప్పాడు" అనవద్దనీ, "ప్రార్థనలో నాకు ఇలా తోచింది, మీరూ ఆలోచించండి" అనమనీ కోరుతుంటాను. థెస్సలొనీకయులకు పౌలు రాసినదీ ఇదే క్రమం: ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి, వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి". ఆ తోచినది లేఖనాలకు పొసగుతుందా, మీ మేలు కోరే పెద్దలు ఏమంటారు, కొంతకాలం ఆగినా అది నిలుస్తుందా అని చూడాలి. ఎవరికైనా స్వరాలు ఆగకుండా వినబడుతూ, నిద్ర పట్టకుండా చేస్తూ, తమకో ఇతరులకో కీడు చేయమని పురిగొల్పుతుంటే అది ప్రార్థన విషయం కాదు. పాస్టరుగారితో పాటు ఆ రోజే మానసిక వైద్యుణ్ణి కూడా కలవాలి.

డిసెంబరు 31 రాత్రి మన సంఘాల్లో ఒక్కో బైబిలు వచనం అచ్చువేసి ఇచ్చే వాగ్దాన కార్డుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి "దేవుడు నాతో మాట్లాడటం" అంటే ఏడాదికొకసారి పళ్లెంలో నుంచి తీసుకునే ఆ కార్డే. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఎవరికి వచ్చినా సంతోషిస్తారు: మిమ్మును గూర్చి నేనుద్దేశించిన సంగతులు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అన్న మాట. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడిపోయినవారికి ప్రవక్త పంపిన ఉత్తరం. దానికి పై వచనంలోనే, డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాతనే ఇది జరుగుతుందని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే పోతారు. ఇంకాస్త పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని చెరపట్టినవాళ్ల పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. కార్డు తీసుకోవడం తప్పని నేననను, నా బైబిలులోనూ పాత కార్డులు ఉన్నాయి. కార్డు వచ్చిన రోజున ఆ అధ్యాయమంతా చదవండి. ఊరు విడిచి వచ్చి, ఇష్టం లేని నగరంలో బతుకుతున్న మీకు 11వ వచనం కంటే 7వ వచనమే ఎక్కువ పనికివస్తుందేమో. హైదరాబాదు కోసం మీరు ఎప్పుడైనా ప్రార్థన చేశారా?

అన్నీ తెలిసినవాడికి చెప్పడం ఎందుకన్న సందేహానికి యేసు చెప్పిన జవాబు కొంచెం వింతగా ఉంటుంది. మీరు అడగక మునుపే మీకు ఏమి అక్కరో మీ తండ్రికి తెలుసు అన్నాడు. తెలుసు కాబట్టి అడగవద్దు అనలేదు, "కాబట్టి మీరీలాగు ప్రార్థనచేయుడి" అన్నాడు. ఆయనకు తెలుసు అన్న కారణంతో మానుకోమన్నది వ్యర్థమైన మాటల విస్తారాన్ని మాత్రమే. 410లో రోము నగరం దోపిడికి గురైన తరువాత ఆఫ్రికాకు తరలివచ్చిన ప్రోబా అనే సంపన్న విధవరాలు ఇదే విషయం అడిగితే, అగస్టీను ఆమెకు పొడవైన ఉత్తరం రాశాడు: మన కోరిక ఏమిటో తెలుసుకోవడానికి దేవునికి మన ప్రార్థన అక్కరలేదు, ఆయన ఇవ్వబోయేదాన్ని అందుకోగలిగేంతగా మన కోరిక పెరగడానికి ప్రార్థన కావాలి. పిల్లలు లేక ఏడుస్తూ ప్రార్థించిన హన్నా విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడలేదు, ఏలీ ఆమె మద్యం తాగిందనుకున్నాడు. ఆమె మాత్రం నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకుంటున్నాను అని చెప్పింది. ఏలీ దీవించిన తరువాత ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆ నాటి నుంచి దుఃఖముఖిగా ఉండటం మానింది. అప్పటికి గర్భం లేదు, స్వప్నం లేదు. దేవునికి కొత్త సమాచారం ఏదీ అందలేదు. చెప్పుకున్న మనిషి మాత్రం వచ్చినప్పటిలా తిరిగి వెళ్లలేదు.

మరి దేవుడు కాదన్న మనవుల సంగతి? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు, రాబోయే శ్రమను తొలగించమన్న ఒకే మనవిని మూడుసార్లు చేశాడు. మత్తయి, మార్కు సువార్తల్లో ఆ తోటలో పరలోకం నుంచి ఒక్క మాట కూడా వినబడదు. లూకా మాత్రం ఆయనను బలపరచిన దూతను చెబుతాడు. తన ప్రియ కుమారుడని బాప్తిస్మం దగ్గర పలికిన స్వరం అక్కడ మౌనంగా ఉంది. మూడోసారి ప్రార్థించి లేచిన తరువాత ఆయన శిష్యులతో "లెండి, వెళ్లుదము" అన్నాడు. పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తొలగించమని ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. కుమారునికీ అపొస్తలునికీ జరిగినది మీకు జరిగితే దాన్ని మీ విశ్వాసం చాలకపోవడంగా ఎవరైనా చెప్పినప్పుడు, దయచేసి ఆ మాటను మనసులో పెట్టుకోకండి. క్యాన్సరు వార్డులో పడుకున్న తల్లి దగ్గర నిలబడి "నీవు ఇంకా గట్టిగా నమ్మాలమ్మా" అనేవారిని చూశాను. ఆ మాటను నేను ప్రార్థన కింద లెక్కకట్టను, క్రూరత్వం అంటాను.

ఇక్కడ క్రైస్తవ విశ్వాసానికి ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది, దాన్ని సండే స్కూలులో సాధారణంగా చెప్పరు. మీ గదిలో ఒకవైపు మీరు, ఇంకోవైపు కనిపించని దేవుడు అన్నది అసలు పూర్తి చిత్రం కాదు. కుమారుడు తండ్రితో మాట్లాడుతూనే ఉన్నాడు. యోహాను 17వ అధ్యాయంలో ఆ మాటలు కొంతసేపు మనకు వినబడతాయి. ఆయన దేవుని కుడిపార్శ్వమున ఉండి మన కోసం విజ్ఞాపన చేస్తున్నాడని రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయంలో, మనం ఏమి ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే ఉచ్చరింపశక్యము కాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడనీ ఉంది. ముందే జరుగుతున్న ఆ సంభాషణలోకి మిమ్మల్ని చేర్చుకున్నారు. "మా తండ్రీ" అన్నది యేసు మనకు పంచి ఇచ్చిన తన సొంత పిలుపు. "యేసు నామములో" అని చివర చెప్పేది ప్రార్థన చెల్లడానికి వేసే ముద్ర లాంటిది కాదు, ఎవరి చేయి పట్టుకుని లోపలికి వచ్చామో ఒప్పుకోవడం. మీకు మాటలు రాని రాత్రుల్లో, ఎండిపోయినట్టున్న రోజుల్లో, ఆ సంభాషణ మీ వల్ల ఆగిపోదు. నా వరకు నాకు, చావు ఇళ్లలో నోరు పెగలనప్పుడు, ఈ ఒక్క బోధే ఆధారమైంది.

ఇప్పుడు ఆచరణ గురించి, మీరు అడిగినదానికి మించకుండా. సొంత మాటల ప్రార్థనే అసలైనదనీ, ఆరాధన క్రమం పుస్తకంలో అచ్చువేసిన ప్రార్థనలు యాంత్రికమనీ కొందరు అంటారు. కీర్తనలు కూడా రాసి ఉన్న ప్రార్థనలే. యేసు సిలువ మీద వాటినే పలికాడు. నోటికి వచ్చిన ప్రార్థన కూడా యాంత్రికం కావచ్చు. ఊపిరి తీసుకునే ప్రతిచోటా "స్తోత్రం ప్రభువా స్తోత్రం" అని పూరించే ప్రార్థన రోజూ వింటూనే ఉన్నాము. అలాగని చిన్న మాటలను మళ్లీ మళ్లీ అనడం తప్పు కాదు. దుఃఖంలో ఉన్నవారికి "ప్రభువా, కనికరించు" అన్నదే చాలు, యెరికో దారిలో గుడ్డివాడు అదే కేక రెండుసార్లు వేశాడు. ఒక్కటి మాత్రం మానుకోవాలి: దేవునితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ పక్కనున్నవారితో మాట్లాడటం. కుటుంబ ప్రార్థనలో కోడలికి చెప్పదలచుకున్నదంతా "ప్రభువా, ఈ ఇంట్లో ఆడవాళ్లకు నెమ్మది గల మనసు దయచేయుము" అని దేవుని చెవిన వేసే అత్తగార్లను మీరూ చూసే ఉంటారు. కోడలు కూడా తన వంతు వచ్చినప్పుడు తగిన ఆమేన్ చెబుతుంది.

మనసు చెదిరిపోతోందని బాధపడకండి. లూథర్ తన పీటరుకు అతని వృత్తినే చూపించి చెప్పాడు: క్షురకుడు కత్తి మీద, వెంట్రుకల మీద చూపు నిలపకుండా కబుర్లు చెబుతూ దిక్కులు చూస్తే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంత శ్రద్ధ కావాలి అని. ఆ మాట నిజమే, అయినా ఆ శ్రద్ధ తిట్టుకుంటే రాదు. రేపటి డెడ్‌లైన్ మీ ప్రార్థనలోకి దూరితే దాన్ని బయటికి నెట్టడానికి తంటాలు పడకుండా, దాన్ని గురించే రెండు మాటలు ప్రభువుతో చెప్పి మళ్లీ వచనం దగ్గరికి రండి. పెదవులతో పలకండి, మనసులో అనుకున్నదాని కంటే పలికినది నిలుస్తుంది. ఫోను వేరే గదిలో ఉంచండి. బైబిలు యాప్‌లో చదివేవారైతే ఈ ఒక్క పనికి అచ్చు పుస్తకం కొనుక్కోండి. పడుకోబోయే ముందు అన్నారు గనుక చెబుతున్నాను, ఆ సమయంలో అలసిపోయి ఉంటారు. వీలైతే పొద్దున ఆఫీసుకు బయలుదేరే ముందు పావుగంట కేటాయించండి, రాత్రికి పరలోక ప్రార్థన ఒక్కటి నిదానంగా చెప్పుకుంటే చాలు.

ఒక్కోసారి ఈ సంభాషణ నిలిచిపోవడానికి కారణం మూడో మనిషి. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ సహోదరునికి నీ మీద విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వస్తే అర్పణ అక్కడే విడిచి మొదట వెళ్లి సమాధానపడమని యేసు అన్నాడు. భర్తలు భార్యలను గౌరవించాలనీ, లేకపోతే ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందనీ పేతురు రాశాడు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములు మాటలు మానుకుని ఏళ్లు గడిచిన ఇళ్లలో ఉపవాస కూటాలు మాత్రం ఘనంగా జరగడం నాకు తెలుసు. మీ విషయంలో అలాంటిది ఉందని నేననడం లేదు. ఉంటే మాత్రం ప్రార్థన పద్ధతులు మార్చుకోవడం కంటే ముందు ఒక ఫోన్ చేయవలసి ఉంటుంది.

13వ కీర్తనతో మొదలుపెట్టిన తరువాత ఏది చదవాలని వెతుక్కోకండి. మొదటి కీర్తనకు వెళ్లి రోజుకొకటి చొప్పున వరుసగా రండి. శత్రువులను శపించే కీర్తనలు వచ్చినప్పుడు దాటవేయకండి, మీకు ఎవరి మీద కోపం ఉందో ఆ రోజు తెలుస్తుంది. 119వ కీర్తనలో 176 వచనాలు ఉన్నాయి, అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది కాబట్టి రోజుకొక భాగం చాలు. ఆ లెక్కన 150 కీర్తనలూ ఆరు నెలలలోపు పూర్తవుతాయి. మధ్యలో కొన్ని రోజులు తప్పిపోతే బాకీలు తీర్చడానికి ఒకేసారి నాలుగు చదవవద్దు, ఆపినచోట నుంచి కొనసాగించండి.